సున్నా చూపిస్తే నమ్మొచ్చా? రెండేళ్లు వాడిన క్లాంప్ మీటర్ రివ్యూ

మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్‌గా షిఫ్టుల్లో పని చేస్తా, కొత్త వైరింగ్ తక్కువ, బ్రేక్‌డౌన్లే ఎక్కువ. మోటార్లు, స్టార్టర్ ప్యానెళ్లు, డ్రైవ్‌లు (మోటార్ స్పీడ్ మార్చే ఎలక్ట్రానిక్ పెట్టెలు), వీటి మధ్యే నా రోజు గడిచిపోద్ది. వైర్ చుట్టూ దవడలా పట్టుకుని కరెంట్ కొలిచే ఈ క్లాంప్ మీటర్ కొని రెండేళ్లు దాటింది, వాడని షిఫ్ట్ లేదు, అందుకే కొన్న వారానికే రాసే రివ్యూలా కాకుండా కొంచెం వివరంగా రాద్దామని కూర్చున్నా. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే లీడ్ల (మీటర్‌కి తగిలించి ప్రోబ్‌తో కొలిచే వైర్లు) విషయంలో నాకు వాళ్లతో గొడవైంది, అది కింద చెప్తా. ఇవే స్పెసిఫికేషన్లతో వేరే కంపెనీల మీటర్లు కూడా ఉన్నాయి, మీరు ఏది కొన్నా చూసుకోవాల్సినవి ఇవే.

మీటర్ ఏంటంటే 600 ఆంప్స్ వరకు ఏసీ డీసీ రెండూ కొలిచే క్లాంప్, ట్రూ ఆర్ఎంఎస్, లో ఇంపిడెన్స్ మోడ్ ఉంది, డ్రైవ్‌ల కోసం లో పాస్ ఫిల్టర్ ఉంది, ఇన్‌రష్ ఉంది, రేటింగ్ క్యాట్ 3 1000 వోల్ట్స్, క్యాట్ 4 600 వోల్ట్స్ (క్యాట్ అంటే ఏంటో కింద చెప్తా).

ముందు ట్రూ ఆర్ఎంఎస్, అంటే కరెంట్ అల ఆకారం ఎలా ఉన్నా అసలు విలువ చూపించే పద్ధతి, దాని సంగతి చెప్తా, దీని దెబ్బ నేను తిన్నా కాబట్టి. ఒక ఫీడర్‌లో (ప్యానెల్ నుంచి లోడ్‌కి వెళ్లే లైన్) 40 ఆంప్స్ బ్రేకర్ రోజుకి ఒకటి రెండు సార్లు ట్రిప్ అయ్యి పడిపోయేది. పాత మీటర్ పెట్టి చూస్తే 34 ఆంప్స్. 34 దగ్గర 40 బ్రేకర్ ఎందుకు పడుద్ది, బ్రేకరే వీక్ అయిందనుకుని మార్చాం. మళ్లీ పడింది. లగ్గులన్నీ టైట్ చేశాం, ఇంకో బ్రేకర్ వేశాం, మళ్లీ అదే కథ. ఈ మీటర్ వచ్చాక అదే వైర్‌కి పెడితే 47 చూపించింది. ఆ ఫీడర్ మీద ముందు ఒక డ్రైవ్ ఉండేది, తర్వాత ఎవరో ఇంకోటి తగిలించారు, బ్రేకర్ సైజు మాత్రం అలాగే వదిలేశారు. పాత మీటర్ సగటు తీసుకుని దాన్ని 1.11తో గుణించి చూపించే రకం, సైన్ వేవ్ శుభ్రంగా ఉన్నంతవరకే ఆ లెక్క కరెక్ట్, డ్రైవ్ లాగే కరెంట్ ఎగుడుదిగుడు ముక్కల్లా ఉంటది కాబట్టి తక్కువ చూపిస్తది. బ్రేకర్ లోపలి పట్టీ మాత్రం నిజంగా ఎంత వేడి పుడితే అంతకే వంగుద్ది. అంటే తప్పు చెప్పింది మీటరు, మేము నెల రోజులు అనుమానించింది బ్రేకర్ని. రెండో డ్రైవ్‌కి వేరే ఫీడర్ ఇచ్చాక అది మళ్లీ పడలేదు.

లైటింగ్, కంప్యూటర్ల లోడ్ ఉన్న ప్యానెళ్లలో కూడా ఇదే తేడా. మూడు ఫేజులూ సమానంగా ఉన్నా న్యూట్రల్ వేడెక్కుతుంటది, మూడో హార్మోనిక్ (సప్లై ఫ్రీక్వెన్సీకి మూడు రెట్లు ఉండే) కరెంట్లు న్యూట్రల్‌లో ఒకదాన్ని ఒకటి కొట్టేసుకోకుండా కలిసిపోతాయి, ఒక్కోసారి న్యూట్రల్ కరెంట్ ఫేజ్ కరెంట్‌ని కూడా దాటిపోద్ది. కాబట్టి న్యూట్రల్‌కి కూడా ఒకసారి క్లాంప్ పెట్టి చూడండి, చాలామంది పెట్టరు.

ఇక లో ఇంపిడెన్స్ మోడ్. నాకైతే ఈ మీటర్‌లో బాగా నచ్చింది ఇదే. కేబుల్ ట్రేలో పొడుగ్గా పోయే కంట్రోల్ కేబుల్‌లో వాడని కోర్లు ఉంటాయి కదా, రెండు పక్కలా ఎక్కడా కనెక్షన్ లేకపోయినా మామూలు మీటర్ పెడితే 70, 80 వోల్ట్స్ చూపిస్తది. పక్కన లైవ్ వైర్లు వెళ్తుంటాయి, వాటికీ దీనికీ మధ్య ఉన్న ఇన్సులేషన్ ఒక చిన్న కెపాసిటర్‌లా పని చేసి ఈ వైర్ మీద కొంచెం వోల్టేజ్ కూర్చుంటది. మామూలు మీటర్ ఇన్‌పుట్ 10 మెగా ఓమ్స్ దాకా ఉంటది కాబట్టి ఆ కొంచెం కూడా పడిపోకుండా స్క్రీన్ మీదకి వచ్చేస్తది. లో ఇంపిడెన్స్‌లో పెడితే మీటర్ కొన్ని వేల ఓమ్స్ లోడ్‌లా మారిపోయి ఆ ఉత్తుత్తి వోల్టేజ్‌ని కిందకి లాగేస్తది, ఒకటో రెండో వోల్ట్స్‌కి పడిపోద్ది. నిజమైన సప్లై అయితే కదలదు, 230 ఉంటే 230యే చూపిస్తది. పాత రోజుల్లో సీనియర్లు సిరీస్ ల్యాంప్ పెట్టి చూసేది ఇందుకే, బల్బు వెలిగితేనే కరెంట్ ఉందని నమ్మేవాళ్లు. కానీ ఆ బల్బు హోల్డర్, బయటికి తేలిన వైర్లు చేత్తో పట్టుకుని ప్యానెల్‌లోకి వంగడం ఎంత ప్రమాదమో చూసినవాళ్లకి తెలుసు, దయచేసి అది మాత్రం వద్దు.

ఈ మోడ్‌కి రెండు జాగ్రత్తలు ఉన్నాయి, మాన్యువల్‌లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉన్నాయి గానీ నేను అనుభవంతో తెలుసుకున్నా. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య ఈ మోడ్‌లో పెడితే మీటర్ గుండా కొన్ని పదుల మిల్లీ ఆంప్స్ ఎర్త్‌లోకి పోతాయి, ఆ లైన్లో 30 మిల్లీ ఆంప్స్ లీకేజ్ బ్రేకర్ ఉంటే టక్కున పడిపోద్ది, నడుస్తున్న లైన్ ఆగిపోద్ది. రెండోది, పీఎల్‌సీ (మెషిన్‌ని నడిపే కంట్రోలర్) కార్డులు, సెన్సార్ల సిగ్నల్ వైర్లు, ఇలాంటి సున్నితమైన చోట ఈ మోడ్ పెట్టకండి, మీటర్ లోడ్‌కి సిగ్నల్ పడిపోయి మెషిన్ ఏదో ఒకటి చేసేస్తది.

ఇప్పుడు అసలు విషయం. మీటర్ 400 చూపిస్తే ఎవరైనా చెయ్యి వెనక్కి తీసుకుంటారు. సున్నా చూపించినప్పుడే చెయ్యి లోపలికి పెడతాం. కాబట్టి మీటర్ ఎంత మంచిదో అది సున్నా చూపించినప్పుడు తెలియాలి.

ఒక నైట్ షిఫ్ట్‌లో పంప్ స్టార్టర్‌లో కాంటాక్టర్ (మోటార్‌ని ఆన్ ఆఫ్ చేసే స్విచ్) మార్చాలి. కాంటాక్ట్‌లు కాలిపోయి గరగర శబ్దం చేస్తోంది. పర్మిట్ తీసుకున్నా, సప్లై విడదీసే ఐసోలేటర్ ఆఫ్ చేశా, తాళం వేసి ట్యాగ్ కట్టా. పక్క ఫీడర్‌లో లైవ్ ఉన్న చోట మీటర్ పెట్టి చూశా, 400 దగ్గర కరెక్టుగా చూపించింది. తర్వాత కాంటాక్టర్ ఇన్‌కమింగ్ టెర్మినళ్ల మీద పెట్టా. మూడు ఫేజులు ఆర్, వై, బీ కదా, ఆర్ వై మధ్య సున్నా, వై బీ మధ్య సున్నా, బీ ఆర్ మధ్య సున్నా. ఒక్కో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా పెట్టా, అన్నీ సున్నాలే. స్క్రూ డ్రైవర్ చేతిలోకి తీసుకున్నా. నాకు పని నేర్పిన అన్న ఒక మాట పదే పదే అనేవాడు, "తమ్ముడూ, చూసొచ్చాక మళ్లీ వెళ్లి లైవ్ మీద పెట్టు, అప్పుడే మీటర్ బతికున్నట్టు" అని. ఆ అలవాటు కొద్దీ మళ్లీ పక్క ఫీడర్ మీద పెట్టా. సున్నా. అదే టెర్మినల్, రెండు నిమిషాల ముందు 400 ఉన్న చోట, ఇప్పుడు సున్నా.

చేతులు చల్లబడిపోయాయి. లీడ్‌ని ప్రోబ్ మెడ దగ్గర కొంచెం వంచితే నంబర్ వస్తోంది, వదిలేస్తే పోతోంది. లోపల రాగి తీగ తెగిపోయింది, పైన రబ్బరు మాత్రం గీత కూడా లేకుండా నిగనిగలాడుతోంది. స్టోర్ నుంచి వేరే లీడ్లు తెప్పించి మొదటి నుంచి మళ్లీ చేశా. ఫేజ్‌కీ ఫేజ్‌కీ మధ్య లో ఇంపిడెన్స్‌లో ఏమీ లేదు. ఆర్‌కీ ఎర్త్‌కీ మధ్య పెట్టగానే 232. ఐసోలేటర్ హ్యాండిల్ ఆఫ్‌లోనే ఉంది, తాళం కూడా ఉంది, కానీ లోపల ఒక బ్లేడ్ కాలి అతుక్కుపోయి విడిపోలేదు. ఒక్క ఫేజే వస్తోంది కాబట్టి ఫేజుల మధ్య కొలిస్తే కనపడదు, ఎర్త్‌తో కొలిస్తేనే తెలుస్తది. ఆ రాత్రి పైన మెయిన్ ఫీడర్ ఆఫ్ చేయించి ఐసోలేటర్ కూడా మార్చే దాకా ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు, ప్రొడక్షన్ వాళ్లు ఎంత అరిచినా సరే.

నేను ఈ రివ్యూ రాస్తున్నదే ఈ ఒక్క సంగతి కోసం. మీటర్ బాగుంది, మీటర్‌తో వచ్చిన లీడ్లు బాలేవు. ప్రోబ్ మెడ దగ్గర వంపుని కాపాడే రబ్బరు ముక్క పొట్టిగా, గట్టిగా ఉంది, వైర్ అంతా ఆ ఒక్క చోటే వంగుతుంది. కంపెనీకి కంప్లైంట్ పెట్టా, ఫోటోలు పంపా, రెండు లీడ్లూ నిలువుగా కోసి లోపల తెగిన చోటు కూడా చూపించా. చాలా రోజుల తర్వాత "వాడకంలో అరుగుదల వారంటీలోకి రాదు" అని ఒక లైను జవాబు, మళ్లీ అడిగితే అదే రకం లీడ్లు ఇంకో జత పంపారు. మనిషి ప్రాణం ఆ రాగి తీగ మీద ఆధారపడి ఉంటే దాన్ని అరుగుదల అని తీసిపారేయడం నాకు చాలా బాధగా అనిపించింది. వచ్చిన జతని వాడలేదు, సిలికాన్ తొడుగు ఉన్న మెత్తటి లీడ్లు వేరేగా కొనుక్కున్నా, చుట్టినా మడిచినా చలికి కూడా బిర్రబిగిసిపోవు. ఒకటి గుర్తుపెట్టుకోండి, లీడ్ల మీద కూడా క్యాట్ రేటింగ్ రాసి ఉంటది, మీటర్ క్యాట్ 3 అయ్యుండి లీడ్ క్యాట్ 2 అయితే మీ దగ్గర ఉన్నది క్యాట్ 2 మీటరే.

ఆ క్యాట్ అంటే ఏంటని కొత్తగా వచ్చిన కుర్రాళ్లు అడుగుతుంటారు. మీటర్‌ని ఎలాంటి చోట వాడొచ్చో చెప్పే స్థాయి అది, ఐఈసీ 61010 స్టాండర్డ్‌లో ఉంటది. సాకెట్‌కి గుచ్చే సామాన్ల స్థాయి క్యాట్ 2, బిల్డింగ్ లోపల డిస్ట్రిబ్యూషన్ బోర్డులు, మోటార్ ఫీడర్లు, బస్ బార్లు క్యాట్ 3, సప్లై లోపలికి వచ్చే మొదటి చోటు, బయట లైన్లు క్యాట్ 4. వోల్టేజ్ 400యే కదా, 600 అని రాసుంటే చాలు కదా అంటారు. చాలదు. పెద్ద మోటార్ ఆఫ్ అయినప్పుడో, పిడుగు లైన్ మీద పడినప్పుడో క్షణంలో వేల వోల్ట్స్ సర్జ్ వస్తది, క్యాట్ 3లో 600 వోల్ట్స్ మీటర్‌ని 6000 వోల్ట్స్ సర్జ్‌కి, 1000 వోల్ట్స్ మీటర్‌ని 8000కి టెస్ట్ చేస్తారు. తట్టుకోని మీటర్‌లో లోపల ఆర్క్ లేచిందంటే ఫ్యూజ్ కొట్టే లోపే చేతిలో పేలిపోద్ది. మామూలు మల్టీమీటర్ వాడేవాళ్లు ఇంకో పొరపాటు కూడా చేస్తారు, ఆంప్స్ కొలిచిన లీడ్‌ని ఆంప్స్ సాకెట్‌లోనే వదిలేసి వోల్టేజ్ కొలవడానికి వెళ్తారు, అది నేరుగా షార్ట్ చేసినట్టే. లోపల పెద్ద షార్ట్‌ని కూడా తెంచగలిగే సరైన హెచ్ఆర్‌సీ ఫ్యూజ్ ఉంటే అది కాపాడుద్ది, ఎవరో దాని బదులు గాజు ఫ్యూజ్ వేసి పెట్టుంటే కాపాడదు. ఈ క్లాంప్‌లో ఆంప్స్ సాకెట్టే లేదు, కరెంట్ అంతా దవడతోనే కొలవాలి, ఆ భయం ఇక్కడ లేదు.

డ్రైవ్‌ల దగ్గరికి వస్తే లో పాస్ ఫిల్టర్ బటన్ నిజంగా పనికొచ్చింది. డ్రైవ్ అవుట్‌పుట్ సైన్ వేవ్ కాదు, డీసీని సెకనుకి వేల సార్లు ఆన్ ఆఫ్ చేసి ముక్కలుగా పంపుద్ది, మామూలుగా కొలిస్తే డ్రైవ్ స్క్రీన్ మీద ఉన్నదానికీ మీటర్‌కీ పొంతన ఉండదు, ఎక్కువ చూపిస్తది. ఫిల్టర్ నొక్కితే రెండూ దగ్గరికి వస్తాయి. కాకపోతే ఫిల్టర్ ఆన్‌లో ఉన్నప్పుడు సప్లై ఉందా లేదా అని చూడటానికి వాడకండి, పై ఫ్రీక్వెన్సీ వోల్టేజ్‌ని అది దాచేస్తది, ముందు ఫిల్టర్ లేకుండా చూసి తర్వాతే నొక్కాలి. డ్రైవ్ ఆఫ్ చేశాక లోపలి డీసీ బస్ కెపాసిటర్లు ఛార్జ్ పట్టుకుని ఉంటాయి, 400 వోల్ట్స్ డ్రైవ్‌లో అది 565 దగ్గర ఉంటది. మూత మీద స్టిక్కర్‌లో ఎన్ని నిమిషాలు ఆగాలో రాసుంటది, అన్ని నిమిషాలూ ఆగాక కూడా డీసీలో పెట్టి చూడాల్సిందే. స్క్రీన్ మీద ఆ నంబర్ 300, 180, 90 అంటూ దిగుతుంటే పక్కన నిలబడి చూసే కుర్రాడికి ఆఫ్ చేసిన మెషిన్‌లో కూడా ఎంత ఉంటదో ఎవరూ చెప్పకుండానే అర్థమైపోద్ది.

ఇన్‌రష్ గురించి రెండు మాటలు. నేరుగా స్టార్ట్ చేసే మోటార్ మొదట్లో ఫుల్ లోడ్ కరెంట్‌కి ఆరేడు రెట్లు లాగుతుంది, మామూలు మోడ్‌లో ఆ నంబర్ కంటికి దొరకదు. ఇందులో బటన్ నొక్కి పెడితే స్టార్ట్ అయిన మొదటి క్షణాన్ని పట్టుకుని అలాగే ఉంచుద్ది. కానీ మోటార్ స్టార్ట్ చెయ్యడానికి ఆపరేటర్ రావడం లేటైతే మీటర్ తనంతట తనే ఆఫ్ అయిపోద్ది, మళ్లీ మొదటి నుంచి. ఆన్ చేసేటప్పుడు ఒక బటన్ నొక్కి పట్టుకుంటే ఆటో ఆఫ్ ఆగుద్దని నాకు ఆరు నెలలకి తెలిసింది.

సింగిల్ ఫేజింగ్ దగ్గర క్లాంప్‌ని మించింది లేదు. నడుస్తున్న మోటార్‌కి ఒక ఫేజ్ పోతే వెంటనే ఆగదు, మూలుగుతూ తిరుగుతుంది, ఆ పోయిన ఫేజ్ టెర్మినల్ మీద వోల్టేజ్ కొలిస్తే మోటార్ వైండింగే తిరిగి పుట్టించిన వోల్టేజ్ కనపడుద్ది, దాదాపు అంతా ఉన్నట్టే ఉంటది. వోల్టేజ్ చూసి బాగానే ఉందనుకున్నవాళ్ల మోటార్లు కాలిపోయాయి. మూడు వైర్లకీ ఒక్కొక్కదానికి క్లాంప్ పెట్టండి, ఒకటి సున్నా, మిగతా రెండూ నేమ్ ప్లేట్ దాటి ఉంటే ఇక వేరే అనుమానం అక్కర్లేదు.

నచ్చనివి కూడా ఉన్నాయి. చిన్న కరెంట్లు నమ్మలేం, ఒక ఆంప్ లోపు అయితే నంబర్ ఊగుతూ ఉంటది. అప్పుడు నేను అదే వైర్‌ని దవడలోంచి పది చుట్లు తిప్పి వచ్చినదాన్ని పదితో భాగిస్తా, వైర్‌కి అంత పొడుగు ఉంటేనే అనుకోండి. డీసీ కరెంట్ కొలిచే ప్రతిసారీ ముందు సున్నా బటన్ నొక్కాలి, దవడ ఇనుములో మిగిలిపోయిన అయస్కాంతం వల్ల వైర్ లేకపోయినా ఏదో ఒకటి చూపిస్తుంటది. దవడ మందం ఎక్కువ, ఇరుకు ప్యానెళ్లలో ఎంసీబీ వరస వెనక్కి దూరదు, బలవంతంగా తోస్తే పక్క వైర్ లూజ్ అయిపోద్దని భయం. కంటిన్యుటీ బీప్ కొంచెం ఆలస్యంగా వస్తది, నలభై కోర్ల కేబుల్ రింగ్ చేసేటప్పుడు (ఏ కోర్ ఏదో ఒక్కొక్కటి బీప్‌తో వెతికేటప్పుడు) అది చాలా విసిగిస్తది, ఆ పనికి నేను ఇప్పటికీ పాత మీటరే తీస్తా. లీకేజ్ మిల్లీ ఆంప్స్‌లో పట్టుకోవాలంటే దానికి వేరే క్లాంప్ కావాలి, వైండింగ్ ఇన్సులేషన్ చూడాలంటే దాని రెసిస్టెన్స్ కొలిచే మెగ్గరే కావాలి, ఈ ఒక్క మీటర్ కొంటే అన్నీ అయిపోతాయి అనుకుని కొనకండి.

గట్టిదనం మాత్రం మెచ్చుకోవాలి. నిచ్చెన మీద నుంచి రెండుసార్లు కింద పడింది, ఒకసారి నేరుగా సిమెంట్ ఫ్లోర్ మీద, మూల కొంచెం చెక్కుకుపోయింది తప్ప రీడింగ్ మారలేదు, తర్వాత క్యాలిబ్రేషన్‌కి పంపితే పాస్ అయ్యి వచ్చింది. గ్లవ్స్ వేసుకుని డయల్ తిప్పొచ్చు. స్క్రీన్ లైట్ మంచిది, నైట్ షిఫ్ట్‌లో ప్యానెల్ వెనక నోట్లో టార్చ్ పెట్టుకునే బాధ తప్పింది. బ్యాటరీలు మామూలు సెల్సే, ఎక్కడైనా దొరుకుతాయి.

ఐదుకి నాలుగు ఇస్తా, ఆ ఒకటి లీడ్లకే తీసేశా. రోజూ మోటార్లు, డ్రైవ్‌లతో పని ఉన్నవాళ్లు లీడ్ల ఖర్చు కూడా కలుపుకునే లెక్క వేసుకోండి. కొన్న రోజు డబ్బాలో వచ్చిన లీడ్లని పక్కన పెట్టి మంచి జత తగిలించండి, షిఫ్ట్ మొదలయ్యేటప్పుడు రెండు ప్రోబ్‌లూ ఒకదానికొకటి ఆనించి ఓమ్స్‌లో పెట్టి, మెడ దగ్గర అటూ ఇటూ వంచి చూడండి, నంబర్ కదిలిందంటే ఆ జతని ఇంకెవరూ తీసుకోకుండా అక్కడే కోసి పారేయండి.